విందులో మిగిలే భోజనం పాడవకుండా నలుగురికీ చేరాలంటే ఏం చేయాలి?

వచ్చే వారం 200 మందికి విందు ఉందనీ, మిగిలింది పారేయకుండా ఎవరికైనా ఇవ్వాలనీ అడిగారు. ముందే అడిగినందుకు చాలా సంతోషం. ఎక్కువమందికి ఈ ఆలోచన గిన్నెలు కడిగే వేళకి గానీ రాదు.

నాలుగేళ్లుగా మిత్రులతో కలిసి ఇలాంటి భోజనం సేకరించి పంచుతున్నాను. మొదట్లో ఒక రాత్రి పదకొండింటికి ఫోనొస్తే ఆలోచించకుండా వెళ్లి పెద్ద గిన్నెడు అన్నం తీసుకెళ్లాం. అది సాయంత్రం ఐదింటికే వండిందట. మూత తీస్తే పాచి వాసన. పళ్లేలు పట్టుకుని కూర్చున్న పిల్లల ముందు నుంచి ఆ గిన్నె వెనక్కి తెచ్చాం. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. అప్పటినుంచి ఎవరు ఫోన్ చేసినా, పొయ్యి మీంచి ఎప్పుడు దించారో ముందు అడుగుతాం.

వండింది బయట రెండు గంటలకు మించి ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. 60 డిగ్రీలకు పైన వేడిగానో, 5 డిగ్రీల లోపు చల్లగానో ఉండాలి. మధ్యలో ఉంటే సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. అన్నంతో మరీ జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. వాంతులు తెప్పించే దాని విషం మళ్లీ వేడిచేసినా పోదు. వాసన బాగానే ఉందిగా అని ఇచ్చేయకండి.

కాబట్టి వండినదంతా ఒకేసారి వడ్డనకు తేవొద్దని వంటవాళ్లకు ముందే చెప్పండి. కొన్ని గిన్నెలు మూత తీయకుండా వేడిమీదే ఉండాలి. సగంమంది తినేసరికి ఎంత మిగులుతుందో అంచనా వస్తుంది, ఫోన్ చేయాల్సింది అప్పుడే. చల్లార్చి ఇవ్వాలంటే లోతు తక్కువ పళ్లేల్లో పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్ద గిన్నె నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది. విస్తళ్లలో, పళ్లేల్లో మిగిలినవి మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు.

అన్నిటికంటే ముందు, వచ్చేవాళ్ల లెక్క గట్టిగా కనుక్కుని కాస్త తగ్గించి వండించండి. 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ అంచనా. అందులో 60 శాతం ఇళ్లలోనే.

ఇవ్వదలచినచోటికి ఈ వారంలోనే ఒకసారి వెళ్లిరండి. ఎంతమంది ఉంటారు, ఏ వేళకు తింటారు, ఆ పూట వంట ఆపుకోగలరా అని అడగండి. వాళ్లు అప్పటికే వండుకుని ఉంటే మీరిచ్చిందీ అక్కడ పారబోతే. గిన్నెల మీద పదార్థం పేరు, దించిన సమయం, పల్లీలూ పాలూ లాంటివి పడనివాళ్లు ఉంటారు కాబట్టి అందులో ఏం వేశారో కూడా రాసి అంటించండి. గిన్నెలు ఎప్పుడు వచ్చి తీసుకెళ్తారో అప్పుడే చెప్పేయండి.