రేటు తెలియకుండా జాతకం రాయకు

ప్రియమైన తమ్ముడికి,

వచ్చే ఏడాది ఆడే సినిమాలు, ఆడని సినిమాలు అంటూ నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. ఎక్కడా ఆగకుండా చదివించావు. కానీ ఇంకా షూటింగ్‌లో ఉన్న పన్నెండు సినిమాల మీద తీర్పు చెప్పి, ఒక్కదాని అమ్మకం రేటు కూడా రాయలేదు. హీరో కిందటి సినిమా, డైరెక్టర్ కిందటి సినిమా, గ్లింప్స్ అనే చిన్న ముందస్తు వీడియోకి వచ్చిన వ్యూస్, ఫ్యాన్స్ హడావిడి, ఈ నాలుగింటి మీదే మొత్తం కట్టేశావు. అవి పనికిరావని అనను. మొదటి రోజు హాలు నిండుతుందో లేదో అవి కొంత చెబుతాయి. ఆ సినిమాని తన ఏరియాలో ఆడించే హక్కు కొన్న బయ్యర్ పెట్టిన డబ్బు వెనక్కి వస్తుందా రాదా అన్నది మాత్రం చెప్పవు. ట్రేడ్‌లో హిట్టు, ఫ్లాపు అనే మాటలకి ఉన్న అర్థం అదొక్కటే.

ఒక లెక్క నాతో కలిసి వెయ్యి. రెండు తెలుగు రాష్ట్రాలకి కలిపి ఒక సినిమా థియేటర్ హక్కులు 60 కోట్లకి అమ్మారనుకుందాం. అంటే 60 కోట్ల షేర్ రావాలి. గ్రాస్‌లోంచి, అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం వసూళ్లలోంచి, జీఎస్టీ, హాలు అద్దె పోగా బయ్యర్‌కి మిగిలేదే షేర్. అది మన దగ్గర గ్రాస్‌లో అటూ ఇటూగా 60 శాతం ఉంటుంది. అంటే 100 కోట్ల గ్రాస్ కావాలి. సగటు టికెట్ 150 రూపాయలనుకుంటే 66 లక్షల పైచిలుకు టికెట్లు తెగాలి. ఇప్పుడు హాలు దగ్గరికి రా. 600 సీట్ల హాలు, నాలుగు ఆటలు, అన్నీ ఫుల్ అయితే రోజుకి 2,400 మంది. 700 హాళ్లలో వేసినా, ప్రతి హాలూ ప్రతి ఆటకీ నిండుతూ నాలుగు రోజులు నడవాలి. సగమే నిండితే ఎనిమిది రోజులు. శుక్ర, శని, ఆదివారాలు దాటి సోమవారం మ్యాట్నీకి కూడా సగం హాలు నిండిన సినిమాలు ఏడాదికి ఎన్ని వస్తాయో నువ్వే లెక్కపెట్టు.

అదే 6 కోట్లకి అమ్మిన చిన్న సినిమా తీసుకో. 10 కోట్ల గ్రాస్, సగటు టికెట్ 125 అనుకుంటే 8 లక్షల మంది చాలు. 150 హాళ్లలో మూడో వంతు కంటే తక్కువ నిండినా వారం, ఎనిమిది రోజుల్లో గట్టెక్కుతుంది. మొదటి సినిమాకి ఈ చిన్న సినిమాకంటే ఐదారు రెట్లు ఎక్కువ మంది వచ్చినా అది ఫ్లాపే, ఇది హిట్టే. నీ వ్యాసంలో పెద్ద హీరోల సినిమాలన్నిటికీ 'హిట్ ఖాయం' అని రాశావు చూడు, అందుకే నాకు మనసు కుదురుగా లేదు.

మరి షూటింగ్‌లో ఉన్న సినిమాకి రేటు ఎక్కడ దొరుకుతుంది, ఇంకా అమ్మనే లేదు కదా అంటావు. నిజమే. కానీ సెట్‌లో జరిగే ప్రతిదీ చివరికి రేటులోకే వచ్చి చేరుతుంది. నువ్వు గమనించాల్సింది అదే. షెడ్యూల్ పది రోజులు పెరిగితే పెద్ద ఆర్టిస్టుల కాల్‌షీట్లు మళ్లీ అడగాలి, సెట్టు అద్దె మళ్లీ కట్టాలి. ఫైనాన్స్ తెచ్చిన నిర్మాతకి షూటింగ్ ఆగిన రోజు కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఆ భారమంతా నిర్మాత ఎక్కడ దించుకుంటాడు? ఓటీటీ, శాటిలైట్, హిందీ డబ్బింగ్, ఆడియో హక్కులకి వచ్చేది పోగా మిగిలింది థియేటర్ బయ్యర్ మీదే పడుతుంది. కాబట్టి ఒక సినిమా మూడో ఏడాదిలోకి వెళ్లిందని తెలిస్తే, అది బాగుంటుందా బాగుండదా అని ఊహించక్కర్లేదు. అది మోయాల్సిన బరువు పెరిగిందని ధైర్యంగా రాయి.

2025 సంక్రాంతి దీనికి పక్కపక్కనే రెండు ఉదాహరణలు ఇచ్చింది. రెండూ దిల్ రాజు బ్యానర్ సినిమాలే. 'గేమ్ ఛేంజర్' 2021 సెప్టెంబరులో పూజ జరుపుకుని 2025 జనవరి 10న వచ్చింది. మధ్యలో దాని డైరెక్టర్ శంకర్ ఆగిపోయిన 'ఇండియన్ 2' కూడా పూర్తి చేయాల్సి వచ్చింది. 'సంక్రాంతికి వస్తున్నాం' 2024 జూలైలో మొదలై ఆరు నెలలు తిరిగేసరికి, జనవరి 14న హాళ్లలో ఉంది. మొదటిది నష్టాలు మిగిల్చింది. రెండోది ఆ పండక్కి ఊళ్లకు ఊళ్లని హాళ్లకి రప్పించింది. కథల్లో తేడా లేదని కాదు, ఉంది. కానీ కథ చూడకముందే, డిసెంబరు నాటికే, ఏ సినిమా ఎంత మోస్తోందో కనబడుతూనే ఉంది. రెండో సినిమాకి ఇంకో గుర్తు కూడా ఉంది. రమణ గోగుల చాలా ఏళ్ల తర్వాత పాడిన 'గోదారి గట్టు' పాట డిసెంబరు మొదట్లో వచ్చింది. పండగ రాకముందే పెళ్లిళ్లలో, ఆటోల్లో, బడి వార్షికోత్సవాల్లో అదే. డబ్బు పెట్టి వ్యూస్ తెచ్చుకోవచ్చు కానీ, పెళ్లి బ్యాండు వాళ్ల చేత పాట వాయింపించలేరు. ఫ్యామిలీలు వస్తాయా రావా అన్నదానికి నాకు తెలిసి ఇంతకంటే నమ్మదగ్గ ఆనవాలు లేదు. నీ ఊళ్లో చెవులు తెరుచుకుని తిరుగు.

వాయిదాల సంగతి. డేట్ మారగానే 'సినిమా తేడా కొట్టింది' అని రాయడం తేలిక, నువ్వూ రెండు చోట్ల రాశావు. 'ఆర్ఆర్ఆర్' 2020 జూలై 30న రావాల్సింది. తర్వాత 2021 జనవరి 8 అన్నారు, అక్టోబరు 13 అన్నారు, 2022 జనవరి 7 అన్నారు, చివరికి మార్చి 25న వచ్చింది. వాయిదాలు చూసి తీర్పు చెప్పినవాళ్లు ఏమయ్యారో తెలుసు కదా. కరోనాతో మారిన డేట్ వేరు, ఫుటేజీ చూసుకుని భయపడి మార్చిన డేట్ వేరు. ఎందుకు మారిందన్నది తెలుసుకో.

కారణం ఒక్కటే అయినా ఫలితం ఒక్కటి కావాలని లేదు. 'ఆదిపురుష్' టీజర్ 2022 అక్టోబరులో వచ్చింది. గ్రాఫిక్స్ మీద విమర్శలు రాగానే జనవరి నుంచి 2023 జూన్ 16కి జరిపారు. 'హనుమాన్' కూడా గ్రాఫిక్స్ పని కోసమే 2023 మే నుంచి 2024 జనవరి 12కి జరిగింది. రెండిటిలోనూ దేవుడి కథ ఉంది, రెండిటికీ హిందీ మార్కెట్ మీద ఆశ ఉంది. మొదటిది వందల కోట్ల సినిమా. మొదటి మూడు రోజులు జనం విరగబడ్డారు, సోమవారం నుంచి జారిపోయింది. రెండోది దానితో పోలిస్తే చాలా చిన్న పెట్టుబడి. పైగా టీజర్ చూసిన జనం ఇంత తక్కువలో ఇంత బాగా తీశారా అనుకున్నారు. విడుదల రోజునే 'గుంటూరు కారం' ఉండటంతో హైదరాబాద్‌లో హాళ్లు సరిగా దొరకలేదు. టాక్ వచ్చాక ఆటలు పెరిగాయి, వారాల తరబడి ఆడింది. పెద్ద బరువున్న సినిమాకి ఆ టైమ్ ఎవరూ ఇవ్వరు. రెండో వారానికి హాలు ఓనర్ ఇంకో సినిమా మాట్లాడేసుకుంటాడు.

ఇప్పుడు అమ్మకం దగ్గరికి వద్దాం. ఇక్కడ గుర్తులు ఎక్కువ దొరుకుతాయి, రాసేవాళ్లు తక్కువ. మన వ్యాపారం నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ఏరియాల వారీగా నడుస్తుందని నీకు తెలుసు. ఎంతకు అమ్మారన్నదొక్కటే అడగకు, ఏ పద్ధతిలో అమ్మారో కూడా అడుగు. అవుట్‌రేట్, అంటే ఒకే రేటుకి పూర్తిగా అమ్మేస్తే, లాభనష్టాలు రెండూ బయ్యర్‌వే. ఎన్ఆర్ఏ (నాన్ రిఫండబుల్ అడ్వాన్స్) అయితే కట్టిన అడ్వాన్స్ తిరిగి రాదు, దాని పైన వచ్చిన దాంట్లో పంపకం. మామూలు అడ్వాన్స్ అయితే తగ్గిన మేరకు నిర్మాత వెనక్కి ఇవ్వాలి. అనుభవం ఉన్న బయ్యర్లు ఒక సినిమాని అవుట్‌రేట్‌కి అడగకుండా అడ్వాన్స్ మీద మాత్రమే వేస్తామంటున్నారంటే, వాళ్లకి ఏదో అనుమానం ఉన్నట్టే. ముగ్గురు నలుగురు వచ్చి వెళ్లాక నిర్మాత 'సొంతంగా రిలీజ్ చేస్తున్నాం' అని ప్రకటిస్తే రెండు అర్థాలు ఉండొచ్చు. సినిమా మీద గట్టి నమ్మకం కావచ్చు, అడిగిన రేటు ఎవరూ ఇవ్వకపోయి ఉండొచ్చు. ఏది నిజమో నువ్వు హైదరాబాద్‌లో కాదు, నీ జిల్లాలో కనుక్కోవాలి. తూర్పు గోదావరి బయ్యర్ చెప్పేది ఫిల్మ్‌నగర్‌లో వినబడేదానికంటే నిజానికి దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే చెక్కు రాసేది ఆయన.

ఓటీటీ మీద పెద్దగా చెప్పను. ఒక్కటి చూసుకో. చాలా ఒప్పందాల్లో ఫలానా తేదీలోపు థియేటర్లో రావాలన్న షరతు ఉంటుంది, దాటితే రేటు కోస్తారు. అందుకే కొన్ని సినిమాలు పని పూర్తికాకుండానే హడావిడిగా వచ్చేస్తాయి. విడుదలకి రెండు రోజుల ముందు కూడా కంటెంట్, అంటే సినిమా కాపీ, డెలివరీ కాలేదని, అమెరికా ప్రీమియర్లు క్యాన్సిల్ అయ్యాయని వింటావే, దాని మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. నాలుగు వారాల్లోనే ఓటీటీకి ఇచ్చే ఒప్పందమైతే హిందీలో పెద్ద మల్టీప్లెక్స్ గొలుసులు ఆ సినిమాని వెయ్యవు, వాటికి ఎనిమిది వారాలు కావాలి. 'పాన్ ఇండియా' అని పోస్టర్ మీద ఉంటే ముందు ఈ సంగతి అడుగు.

ఇంతా చేసి చివరికి టికెట్ రేటు నిర్మాత చేతిలో కూడా లేదు. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో టికెట్ రేట్లకి పరిమితి పెడుతూ జీఓ 35 వచ్చినప్పుడు పంచాయతీల్లో కొన్ని టికెట్లు 5, 10 రూపాయలకి దిగాయి. పాత రేట్లు చూసుకుని కొన్న బయ్యర్ల లెక్కలన్నీ ఒక్క రాత్రిలో తలకిందులయ్యాయి. 2022 మార్చిలో కొత్త రేట్లు వచ్చేదాకా అదే టెన్షన్. తెలంగాణలో 2025 జనవరిలో 'గేమ్ ఛేంజర్' టికెట్ పెంపుకీ, తెల్లవారుజాము ఆటలకీ ఇచ్చిన అనుమతిని సినిమా ఆడుతుండగానే వెనక్కి తీసుకున్నారు. పెంచిన రేటుతోనే గట్టెక్కేలా అమ్మిన సినిమాని నేను ఎప్పుడూ ప్రమాదంలో ఉన్నట్టే లెక్కేస్తాను. పెంపు ఇచ్చినా అది మొదటి వారం ఫ్యాన్స్ దగ్గర వసూలవుతుంది. ఫ్యామిలీ మాత్రం నలుగురికీ ఎంతవుతుందో చూసుకుని ఇంట్లోనే ఉండిపోతుంది.

అంకెల కోసం పోస్టర్లు చూడకు. హాలుకి వెళ్లు. మేనేజర్ గదిలో డీసీఆర్ (డైలీ కలెక్షన్ రిపోర్ట్) అని ఒక కాగితం ఉంటుంది. ఆటకి ఎన్ని టికెట్లు తెగాయి, ఏ క్లాసులో ఎన్ని, పన్ను ఎంత, నెట్ ఎంత అన్నీ అందులో రాసి బయ్యర్ తరఫు రిప్రజెంటేటివ్ సంతకం చేస్తాడు. అడిగితే వెంటనే చూపించరు, నాలుగుసార్లు టీ తాగాక చూపిస్తారు. షో కలెక్షన్ అద్దెకి కూడా రాకపోతే దాన్ని డెఫిసిట్ అంటారు. కిందటి ఏడాది నీ ఊళ్లో ఏ సినిమాకి ఏ రోజు నుంచి డెఫిసిట్లు మొదలయ్యాయో ఓ పట్టిక రాసుకో. అదే హీరో, అదే డైరెక్టర్ ఇంకో సినిమా తీస్తుంటే దాన్ని తూచడానికి ఆ పట్టికే నీ తూకపు రాయి. ప్రకటించిన గ్రాస్‌లు పక్కన పెట్టెయ్. షేర్‌లో హైర్లు, అంటే సినిమా వేసుకోవడానికి హాలు వాళ్లు బయ్యర్‌కి కట్టే స్థిర మొత్తాలు, కలిపారా లేదా అన్నది కూడా అడుగు. కలిపితే అంకె పెద్దగా కనబడుతుంది.

ఇవన్నీ చూసినా పట్టుబడనిది ఒకటి ఉంటుంది. 2023 మార్చిలో 'బలగం' వచ్చినప్పుడు ఏ లెక్కా దాన్ని ముందు చూడలేదు. కమెడియన్‌గా తెలిసిన వేణు మొదటిసారి డైరెక్ట్ చేశాడు, స్టార్లు లేరు, కథంతా ఒక చావింట్లో. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టుకుని ఊరంతా కూర్చుని చూశారు, విడిపోయిన అన్నదమ్ములు కలిసిపోయారని వార్తలొచ్చాయి. అలాంటిదాన్ని షూటింగ్ దశలో ఎవరూ చెప్పలేరు, నువ్వు చెప్పలేకపోయినందుకు బాధపడకు. కానీ బరువు తక్కువని మాత్రం అప్పుడే చెప్పి ఉండొచ్చు. అది చెబితే చాలు, నీ పని నువ్వు చేసినట్టే.

ఇంకొక మాట, ఇది నాకు ముఖ్యం. విడుదల కాని సినిమా మీద 'డిజాస్టర్' అన్న మాట ఎప్పుడూ రాయకు. అప్పటికే ఎవరో ఇల్లు తాకట్టు పెట్టి ఏరియా కొని ఉంటారు. 'బ్లాక్‌బస్టర్ ఖాయం' అని కూడా రాయకు. నీ మాట నమ్మి ఓ చిన్న ఊరి హాలు ఓనర్ పండగకి ఎక్కువ అడ్వాన్స్ కట్టేస్తాడు. ఈ వ్యాపారంలో హీరో పారితోషికం ముందే వెళ్లిపోతుంది, దెబ్బ తగిలేది చివరి మనిషికే. నీ పాఠకుల్లో ఆ చివరి మనిషి ఉన్నాడని నేను కచ్చితంగా చెప్పగలను. 'ఇంత రేటుకైతే ఇంతమంది రావాలి, ఆ హీరో కిందటి మూడు సినిమాలకి ఇంతమంది వచ్చారు' అని రాయి. అతను నిర్ణయం తీసుకోవడానికి అది పనికొస్తుంది.

ఆ పన్నెండు సినిమాల వ్యాసం అచ్చుకి ఇవ్వకు. అందులోంచి మూడు తియ్యి. ఒకటి పెద్దది, ఒకటి మధ్యరకం, ఒకటి కొత్తవాళ్లది. ఒక్కోదానికి ఎప్పుడు మొదలైంది, ఎన్ని షెడ్యూళ్లు పెరిగింది, థియేటర్ బయట ఏవి అమ్ముడయ్యాయి, తూర్పు గోదావరికి నిర్మాత ఎంత అడుగుతున్నాడు, బయ్యర్లు ఎంతకి అడిగారు, నాలుగు ఆటల లెక్కన రాజమండ్రిలో ఎన్ని రోజులు నిండాలి, ఇవి కనుక్కో. జవాబు దొరకని చోట ఊహ రాయకుండా ఖాళీగానే ఉంచు. వచ్చే నెల పదో తేదీలోపు పంపితే కూర్చుని చదువుతాను, నైజాం రేట్లు నేను ఇక్కడ కనుక్కుని కలుపుతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య