గిఫ్ట్ కార్డులన్నీ ఒకేసారి వాడేయాలా?

ప్రశ్న: మా గృహప్రవేశానికి ఒక ఆన్‌లైన్ దుకాణం గిఫ్ట్ కార్డులు ఐదు వచ్చాయి. నిరుడు దీపావళికి మా ఆఫీసులో ఇచ్చిన అదే దుకాణం కార్డు మరొకటి ఉంది. ఒక్కొక్కటి రూ.2,000. అందులోనే రూ.24,500 వాషింగ్ మెషీన్ చూసి కార్ట్‌లో పెట్టాను. కూపన్ అని ఉన్న గడిలో కార్డు నంబరు కొడితే చెల్లదంటోంది. మా క్రెడిట్ కార్డుతో రూ.15,000కు తగ్గకుండా కడితే 10 శాతం, గరిష్ఠంగా రూ.1,500 తగ్గింపు ఉంది. ఆరు కార్డులూ వాడేసి, మిగతాది క్రెడిట్ కార్డుతో కట్టనా? గిఫ్ట్ కార్డులను పది శాతం తక్కువకు తాను కొంటానని మా మరిది అంటున్నాడు.
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆరూ వాడితే రూ.1,500 చేజార్చుకుంటారు. ఎలాగో చెబుతాను. ముందు ఆ కూపన్ సంగతి.

కూపన్ ధరను తగ్గిస్తుంది. గిఫ్ట్ కార్డు ధరను తగ్గించదు, ధర చెల్లిస్తుంది. మీ బంధువులు ముందే కట్టేసిన డబ్బు అది. అందుకే దాని గడి కూపన్ పక్కన కాకుండా, క్రెడిట్ కార్డు, యూపీఐ ఉండే చెల్లింపుల పేజీలో ఉంటుంది. కార్డు మీద గీకితే కనిపించే పిన్ కూడా అక్కడే కొట్టాలి. బిల్లులో ధర పూర్తిగా రూ.24,500 అనే వస్తుంది, కంగారు పడకండి.

ఇక లెక్క. బ్యాంకు ఆఫర్లు సాధారణంగా క్రెడిట్ కార్డు మీద పడే మొత్తాన్నే చూస్తాయి, వస్తువు ధరను కాదు. ఆరు కార్డులు వాడితే మిగిలేది రూ.12,500. ఆఫర్ వర్తించదు. ఐదు వాడితే రూ.14,500. కేవలం ఐదు వందల తేడాతో పోతుంది! నాలుగే వాడండి. రూ.16,500 మిగులుతుంది, అందులో పది శాతం రూ.1,650, కానీ గరిష్ఠం రూ.1,500 కనుక అంతే తగ్గుతుంది. మీరు క్రెడిట్ కార్డుతో కట్టేది రూ.15,000. చేతిలో ఇంకా రూ.4,000 విలువైన రెండు కార్డులు ఉంటాయి. వాటితో ఎలాగూ కొనే బియ్యం, కందిపప్పు, సబ్బులు తెచ్చుకోండి. క్రెడిట్ కార్డు బిల్లు మాత్రం గడువులోగా పూర్తిగా కట్టాలి. నెలల తరబడి కనీస మొత్తమే కడుతూ పోతే ఈ పదిహేను వందలు వడ్డీకే సరిపోవు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కార్డులు రాగానే అన్నింటినీ ఆ దుకాణంలోని తమ ఖాతాలో కలిపేస్తారు. అలా కలిపిన సొమ్ము మొత్తాన్నీ చెల్లింపు సమయంలో కొన్ని దుకాణాలు వాటంతట అవే ముందుగా వాడేస్తాయి. పైగా ఒకసారి ఒక ఖాతాలో చేరిన కార్డు ఇంకొకరి ఖాతాకు మారడం కష్టం. కాబట్టి కావలసిన నాలుగే కలపండి, మిగతా రెండూ గీకకుండా బీరువాలో ఉంచండి.

ఏ నాలుగు అంటే, ఆఫీసు కార్డు తప్పనిసరిగా అందులో ఉండాలి. దాని గడువు దగ్గర పడి ఉంటుంది. కార్డు వెనుక ఎవరు జారీ చేశారో చూడండి. రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న సంస్థ అయితే 2021 నాటి ఆదేశాల ప్రకారం కనీసం ఏడాది గడువు ఇవ్వాలి. ముగిసే ముందు 45 రోజుల్లో హెచ్చరించాలి కూడా. ఆఫీసు మూకుమ్మడిగా కొన్న కార్డుకు ఆ హెచ్చరిక మీ ఫోనుకే వస్తుందన్న నమ్మకం నాకు లేదు. గడువు తేదీ మీరే క్యాలెండర్ మీద రాసుకోండి. ఒకవేళ దాటిపోయినా వదిలేయకుండా జారీ చేసిన సంస్థను అడగండి. ఇలాంటి కార్డుల్లో మిగిలిన సొమ్మును గడువు ముగిశాక మూడేళ్ల వరకు ఆ సంస్థ తన లాభంలో కలుపుకోకూడదు. దుకాణమే సొంతంగా జారీ చేసి, అక్కడే చెల్లే కార్డుకు మాత్రం ఈ నిబంధనలు వర్తించవు. దాని షరతులు ఆ దుకాణం ఇష్టం.

మీ మరిదికి అమ్మడం ఎందుకండీ? రూ.2,000 నగదు లాంటిదాన్ని రూ.1,800కు ఇవ్వడం అది. ఇంటి సరుకులకు పనికిరాని దుకాణం అయితే ఆలోచించేదాన్ని. మీ పరిస్థితి అది కాదు. ఎవరికి ఇచ్చినా కార్డును ఫోటో తీసి వాట్సాప్‌లో పంపకండి. నంబరు, పిన్ తెలిసినవారెవరైనా దాన్ని ఖర్చు చేయగలరు, ఓటీపీ కూడా అడగని చోట్లున్నాయి. అలా పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

చివరగా, మెషీన్ వెనక్కి ఇవ్వాల్సి వస్తే డబ్బంతా బ్యాంకులో పడుతుందని అనుకోవద్దు. గిఫ్ట్ కార్డులతో కట్టిన రూ.8,000 సాధారణంగా గిఫ్ట్ కార్డుల రూపంలోనే తిరిగి వస్తుంది, మిగతాది క్రెడిట్ కార్డుకు వెళుతుంది. కాబట్టి మెషీన్ బిగించి, రెండు మూడుసార్లు బట్టలు ఉతికి చూసేదాకా ఆ నాలుగు ఖాళీ కార్డులను చెత్తబుట్టలో వేయకండి.