బీఎండబ్ల్యూ ఈ39 (పాత 5 సిరీస్ కారు)లో కూలెంట్ తగ్గుతోంది, కింద మరక లేదు. ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ (కూలెంట్ పోసే ప్లాస్టిక్ డబ్బా) ఒక్కటే మారిస్తే చాలా?

మీది 2001 మోడల్ 530ఐ, లక్షన్నర కిలోమీటర్లు తిరిగింది, రెండు వారాలకోసారి కూలెంట్ లైటు వెలుగుతోంది, మెకానిక్ ట్యాంక్ మారిస్తే చాలన్నాడు అని రాశారు. ట్యాంక్ ఒక్కటే మార్చకండి. పాత ట్యాంక్ చిన్న పగులుతో లీకవుతుంటే సిస్టమ్‌లో ప్రెషర్ పూర్తిగా నిలవదు. కొత్తది బిగించగానే ప్రెషర్ మళ్లీ పూర్తి స్థాయికి వెళ్తుంది. మూత 2 బార్ దాకా పట్టి ఉంచుతుంది. ఆ ఒత్తిడంతా అదే వయసున్న రేడియేటర్ ప్లాస్టిక్ మెడ మీద, హోస్ కనెక్టర్ల మీద పడుతుంది. నేను చూసినంతలో ట్యాంక్ మార్చిన కొన్నాళ్లకే అవి పోతాయి.

కింద మరక లేదంటే లీకు లేదని కాదు. వేడి భాగాల మీద పడిన చుక్క అక్కడే ఆవిరైపోతుంది. ఇంజిన్ చల్లారాక టార్చ్‌తో ట్యాంక్ అతుకు గీత, పై హోస్ రేడియేటర్‌లోకి దూరే చోటు, వాటర్ పంప్ కింది చిన్న రంధ్రం చూడండి. తెల్లగానో నీలంగానో పొడి పేరుకుని ఉంటే లీకు అక్కడే. ఫ్యాన్ రెక్క పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. కదలిక తెలిసిందంటే పంప్ బేరింగ్ అరిగినట్టే.

డ్యాష్‌బోర్డు ముల్లును మాత్రం నమ్మకండి. సుమారు 75 నుంచి 110 డిగ్రీల దాకా అది నడిమధ్యే నిలబడేలా చేశారు. ముల్లు కదిలిందంటే అప్పటికే ఆలస్యమైంది, వెంటనే ఆపి ఇంజిన్ కట్టేయాలి. ఇంజిన్ పై భాగమైన హెడ్ అల్యూమినియంది, వేడికి వంగుతుంది. కింది భాగమైన బ్లాక్ కూడా అల్యూమినియమే కాబట్టి హెడ్ బోల్టుల మరలు పీక్కొచ్చే ప్రమాదం ఉంది. అసలు టెంపరేచర్ తెలియాలంటే స్కానర్ పెట్టి చూడాల్సిందే. హైవే మీద కూడా టెంపరేచర్ 80 డిగ్రీలు దాటకపోతే థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుపోయినట్టు.

ఒకేసారి మార్చాల్సినవి: రేడియేటర్, ఎక్స్‌పాన్షన్ ట్యాంక్, మూత, బ్లీడ్ స్క్రూ (గాలి బయటికి వదిలే స్క్రూ), పై కింది హోస్‌లు, థర్మోస్టాట్, వాటర్ పంప్, బెల్టులు. వాటి పుల్లీల్లో గరగర వినిపిస్తే అవి కూడా. పంప్ కొనేటప్పుడు లోపలి చక్రం లోహంతో ఉన్నది తీసుకోండి. పాత ప్లాస్టిక్ చక్రాలు పగిలి ముక్కలు సిస్టమ్‌లోకి పోతాయి.

ఫ్యాన్ నట్టు 32 మి.మీ., ఎడమ మర. ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపే వదులవుతుంది. చాలామంది వ్యతిరేక దిశలో లాగి ఇంకా బిగించేస్తారు. పుల్లీ కదలకుండా పట్టుకుని స్పానర్ చివర సుత్తితో ఒక్క గట్టి దెబ్బ వేస్తే వదులుతుంది. తీసిన ఫ్యాన్ క్లచ్‌ను పడుకోబెట్టకుండా నిలువుగా ఉంచండి. పంప్ పట్టేసి రాకపోతే స్క్రూడ్రైవర్‌తో పెకలించొద్దు. దాని అంచులోని రెండు మరల రంధ్రాల్లో ఎం6 బోల్టులు పెట్టి అటు సగం, ఇటు సగం తిప్పుతూ పోతే అదే బయటికొస్తుంది. కొత్త పంప్ బిగించేటప్పుడు దాని నట్లకు 10 న్యూటన్ మీటర్లు చాలు. హోస్ ఓ-రింగులకు ఇంజిన్ ఆయిల్ రాయకండి, రబ్బరు ఉబ్బుతుంది. కాస్త కూలెంట్ రాస్తే చాలు.

రేడియేటర్ నుంచి మాత్రమే కూలెంట్ దింపితే బ్లాక్‌లో పాతది చాలా మిగిలిపోతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ కింద బ్లాక్ డ్రెయిన్ బోల్టు ఉంటుంది, అది కూడా తీసి కొత్త వాషర్‌తో బిగించండి. మొత్తం సుమారు 10.5 లీటర్లు పడుతుంది: నైట్రైట్, ఎమైన్, ఫాస్ఫేట్ లేని నీలం కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం.

ఎక్కువ మంది పని చెడగొట్టుకునేది గాలి తీసే దగ్గర. బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉండాలి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, హీటర్ వేడి పూర్తిగా పెంచి, బ్లోయర్ కనిష్ఠంలో పెట్టండి. బ్లీడ్ స్క్రూ వదులు చేసి నెమ్మదిగా పోస్తూ ఉండండి. మొదట బుడగలు, నురగ వస్తాయి. బుడగ లేని ధార వచ్చేదాకా ఆగి, అప్పుడు మూయండి. స్క్రూ ప్లాస్టిక్ కాబట్టి చేతికి తగిలేంత బిగువే చాలు.

మర్నాడు ఉదయం చల్లగా ఉన్నప్పుడే మూత తీసి చూడండి, వేడి మీద ఎప్పుడూ తీయొద్దు. లోపలి ఎర్ర పుల్ల తల నోటి అంచుకు సమానంగా ఉంటే కనిష్ఠం, 2 సెంటీమీటర్లు పైకి ఉంటే గరిష్ఠం. మొదటి వారంలో ఒకసారి కొద్దిగా దిగడం మామూలే. ఆ తర్వాత కూడా తగ్గుతూ, బయటెక్కడా తడి లేకపోతే బ్లాక్ టెస్టర్ (కూలెంట్‌లో పొగ వాయువు ఉందేమో చూసే పరికరం) పెట్టించండి. దానిలోని నీలం ద్రవం పసుపు రంగుకు తిరిగితే హెడ్ గాస్కెట్ (హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) దగ్గర నుంచి పొగ వాయువు కూలెంట్‌లోకి వస్తున్నట్టే.