ఆగాఖాన్ ప్యాలెస్: ముందు వెనక్కి వెళ్ళండి

ప్రశ్న: సెలవులకు పుణెలో ఉంటున్న మా మరిదిగారింటికి వెళ్తున్నాం. ఆగాఖాన్ ప్యాలెస్ చూసి తీరాలని తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పట్టుబడుతోంది. ‘ఖాళీ గదులు తప్ప అక్కడేముంది?’ అంటున్నారు మావారు. మా అత్తగారు ఎక్కువ నడవలేరు. ఒక పూట కేటాయించవచ్చా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: తప్పకుండా కేటాయించండి. ఈ విషయంలో మీ అమ్మాయి మాటే నెగ్గాలి.

1892లో ఇస్మాయిలీ ముస్లింల మతగురువు మూడో ఆగాఖాన్ కట్టించిన భవనం అది. కరువులో చితికిపోయిన చుట్టుపక్కల పల్లెలకు పని కల్పించడానికే కట్టించారని చెబుతారు. పచ్చిక, తెల్లని కమానులు చూడముచ్చటగా ఉంటాయి. చాలామంది అక్కడే ఫొటోలు దిగి, గదులు ఒక చుట్టు చుట్టి వెళ్ళిపోతారు. నాకది ఎప్పుడూ బాధగానే ఉంటుంది. మీరు మాత్రం ముందు ఆవరణ వెనకవైపున్న కస్తూర్బా, మహదేవ్ దేశాయ్‌ల సమాధుల దగ్గరికి వెళ్ళండి. అత్తగారు అలసిపోకముందే అవి చూడాలి.

క్విట్ ఇండియా పిలుపు ఇచ్చిన మర్నాడు, 1942 ఆగస్టు 9న తెల్లవారుజామునే గాంధీని బొంబాయిలో అరెస్టు చేసి ఇక్కడికి తెచ్చారు. ఆయన కార్యదర్శి మహదేవ్ దేశాయ్‌ని కూడా ఇక్కడే ఉంచారు. ఆ సాయంత్రం శివాజీ పార్కు సభలో భర్త బదులు తాను మాట్లాడతానని బయల్దేరిన కస్తూర్బానూ పట్టుకున్నారు. వారం తిరక్కుండానే, ఆగస్టు 15న, మహదేవ్ గుండె ఆగింది. ఆయనకు యాభై ఏళ్ళే. గాంధీయే చితికి నిప్పంటించారు. సరిగ్గా ఐదేళ్ళకు అదే తేదీన స్వాతంత్ర్యం వచ్చిందని మీ అమ్మాయికి అక్కడే నిలబెట్టి చెప్పండి.

కస్తూర్బా 1944 ఫిబ్రవరి 22న, శివరాత్రి నాడు, ఖైదులోనే కన్నుమూశారు. గాంధీ స్వయంగా వడికిన నూలుతో నేసిన చీర కట్టి ఆమెను సాగనంపారు. చితి కాలినంతసేపూ ఆయన అక్కడినుంచి కదలలేదు. ఆయన విడుదలైంది మే 6న. ఇంకో రెండున్నర నెలలు ఆమె బతికి ఉంటే ఇద్దరూ కలిసే బయటికి వచ్చేవారు కదా అని అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ నా గుండె బరువెక్కుతుంది.

ఆ తర్వాత గదులు చూడండి. మీవారికి అవి ఖాళీగా అనిపించవు. 1943 ఫిబ్రవరిలో గాంధీ 21 రోజులు నిరాహారదీక్ష చేసింది ఈ భవనంలోనే. మన హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు కూడా ఇక్కడే ఖైదీగా ఉన్నారు. అనారోగ్యం వల్ల ఆమెను 1943లో వదిలిపెట్టారు.

ప్యాలెస్ నగర్ రోడ్డు మీదే ఉంది, ఆటో నేరుగా వెళ్తుంది. పొద్దున్నే వెళ్తే ఎండ బాధ ఉండదు. దళితులకు చట్టసభల్లో సీట్ల విషయమై 1932లో గాంధీ, అంబేడ్కర్‌ల మధ్య పూనా ఒప్పందం కుదిరిన ఎరవాడ జైలు కూడా ఆ దగ్గర్లోదే. ఆ కథ అమ్మాయికి దారిలో చెప్పవచ్చు.