రెండో తరగతి చదివే మా పాప తలకి మందు పెట్టినా పది రోజులకే పేలు మళ్లీ కనపడ్డాయి, గుండు చేయించాలా?

గుండు అక్కర్లేదండీ. రెండో తరగతి పిల్లకి గుండు కొట్టిస్తే పేలు పోతాయి గానీ, బడిలో ఆ పిల్ల పడే బాధ ఎక్కువ. మందు పెట్టిన పది రోజులకే మళ్లీ కనపడ్డాయన్నారు కదా, చాలాసార్లు దానికి కారణం రెండో విడత పెట్టకపోవడమే.

ఈ మందులకి పేను చచ్చినా ఈపులన్నీ, అంటే పేల గుడ్లన్నీ, చావవు. ఈపి 7 నుంచి 10 రోజుల్లో పగులుతుంది. అందులోంచి వచ్చిన పిల్ల పేను ఎదిగి గుడ్లు పెట్టడానికి ఇంకో 9, 10 రోజులు పడుతుంది. అందుకే మొదటిసారి పెట్టిన 9వ రోజున రెండోసారి పెట్టాలి. మూడో రోజునే పెట్టేస్తే పగలని ఈపులు మిగిలిపోతాయి. నెల ఆగితే కొత్త గుడ్లు పడిపోతాయి. క్యాలెండర్ మీద గీత పెట్టుకోండి.

మందుల షాపులో 1 శాతం పర్మెత్రిన్ లోషన్ అడగండి. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే: నూనె తలకే పట్టించేస్తారు. ముందు మామూలు షాంపూతో జిడ్డు వదిలేలా తలంటండి, కండిషనర్ వద్దు. టవల్‌తో బాగా ఒత్తండి, నీళ్లు కారుతుంటే మందు పల్చబడిపోతుంది. కళ్లకి తడిగుడ్డ అడ్డం పెట్టి, మాడు నుంచి కొసల దాకా, చెవుల వెనక, మెడ పైభాగంలో మరీ శ్రద్ధగా పట్టించండి. 10 నిమిషాలకి తల వంచి కడిగేయండి. ఎక్కువసేపు ఉంచితే లాభం లేదు, మాడు మండుతుంది. ఒకటి రెండు రోజులు మళ్లీ తలంటొద్దు.

మందుతో పాటు దువ్వడమూ అంతే ముఖ్యం. రెండు వారాల పాటు మూడు నాలుగు రోజులకోసారి దువ్వాలి. తడి జుట్టుకి కండిషనర్ గానీ కొబ్బరినూనె గానీ దండిగా పట్టించి, పెద్ద దువ్వెనతో చిక్కు తీసి, చిన్న చిన్న పాయలు చేయండి. స్టీలు పళ్ల పేల దువ్వెనని మాడుకి ఆనించి కొస దాకా లాగి, ప్రతిసారీ తెల్లగుడ్డకి తుడవండి. నువ్వుగింజంత పేను కదులుతూ కనపడితే పని మిగిలే ఉంది. పొడుగు జుట్టయితే గంట పడుతుంది, ఓపిక పట్టాలి.

మాడుకి అర సెంటీమీటరు లోపున్న గోధుమరంగు ఈపుల్లో ప్రాణం ఉండొచ్చు. ఇంకా కిందకి వచ్చేసిన తెల్లటివి చాలావరకు ఖాళీ డొల్లలు. వాటిని చూసి మళ్లీ మందు పెట్టొద్దు. దురద కూడా పేలు చచ్చాక ఒకటి రెండు వారాలు ఉండొచ్చు. కానీ మందు పెట్టిన 12 గంటల తర్వాత కూడా పేలు చురుగ్గా పాకుతుంటే ఆ మందుకి అవి లొంగడం లేదనుకోండి. అదే మళ్లీ పెట్టకుండా డాక్టర్ని వేరేది అడగండి. మాడు మీద చీము పొక్కులు, మెడ వెనక బిళ్లలు కట్టినా చూపించాలి.

అదే రోజు ఇంట్లో అందరి తలలూ చూడండి, పాప పక్కన పడుకునే నాయనమ్మతో సహా. బతికున్న పేను కనపడిన ప్రతివాళ్లకీ అదే రోజు మందు. తల వదిలిన పేను ఒకటి రెండు రోజులకి మించి బతకదు, కాబట్టి సోఫాలకీ పరుపులకీ స్ప్రేలు కొట్టొద్దు. దిండు గలీబులు, టవళ్లు, రిబ్బన్లు వేడినీళ్లలో ఉతికి, దువ్వెనలు బాగా వేడి నీళ్లలో 10 నిమిషాలు నానబెడితే చాలు.

కిరోసిన్, బొద్దింకల మందు తల దగ్గరికి రానివ్వొద్దు. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. కర్పూరం పిల్లల ఒంట్లోకి చేరితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, దయచేసి వద్దు.

పేలు ఎగరవు, దూకవు. తలకి తల ఆనినప్పుడు పాకుతాయి, శుభ్రమైన తలకీ పడతాయి. కాబట్టి పాపని తిట్టకండి. బడికి రెండు జడలు మడిచి కట్టి పంపండి, తనతో రోజూ ఆడుకునే పిల్లల అమ్మలకి ఈ రోజే చెప్పండి. వాళ్లూ ఇదే వారంలో చూసుకోకపోతే మళ్లీ అంటుకుంటాయి.