జోడీని మార్చే ముందు

అన్నా, మీ అమ్మాయితో టెన్నిస్ డబుల్స్ ఆడే పిల్ల పాయింటు పోయినప్పుడల్లా రాకెట్ నేలకేసి కొడుతోందని, జోడీని మార్చాలా అని తిరుపతి నుంచి అడిగారు. ఇప్పుడే మార్చకండి.

ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి నియమం చెప్పండి. డబుల్స్‌లో ఒకరు తప్పుగా ప్రవర్తించినా శిక్ష జట్టుకే: మొదట హెచ్చరిక, తర్వాత పాయింటు పోతుంది, ఆపై గేమే పోతుంది. 2023 ఫ్రెంచ్ ఓపెన్ డబుల్స్‌లో జపాన్ క్రీడాకారిణి మియు కాటో పాయింట్ల మధ్య కొట్టిన బంతి బాల్ గర్ల్‌కు తగిలింది. కావాలని కొట్టింది కాదు, అయినా జట్టును అనర్హులుగా ప్రకటించారు. ఏ తప్పూ చేయని ఆమె జోడీ ఆల్దిలా సుత్జియాది కూడా బయటికి నడవాల్సి వచ్చింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక అసలు కారణం వెతకండి. చిత్తూరులో పిల్లల ఆట చూస్తుంటాను. సగం కోపాలు మధ్యలోకి వచ్చిన బంతి ఎవరిదో తేలకపోవడం వల్లే. ఆ బంతి ఎవరి ఫోర్‌హ్యాండ్‌కు, అంటే రాకెట్ పట్టిన చేతి వైపుకు, వస్తే వారే కొట్టాలని ముందే ఒప్పుకోమనండి. పాయింటు పోగానే ఇద్దరూ దగ్గరికి నడిచి తర్వాతి పాయింటు గురించే మాట్లాడుకోవాలి. ఎదుటివాళ్ల సర్వీసును తిప్పికొట్టే కుడి, ఎడమ వైపులు సెట్ మొదట్లో మార్చుకోవచ్చు, అదీ ప్రయత్నించండి. కంచె బయటి నుంచి మీరు మాత్రం ఏమీ అనకండి, ఆ పని కోచ్‌ది.

మన డబుల్స్ జోడీ లియాండర్ పేస్, మహేశ్ భూపతి 1999లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల ఫైనల్‌కూ చేరారు. తర్వాత విభేదాలొచ్చినా 2001లో ఫ్రెంచ్ ఓపెన్ కలిసే గెలిచారు. అయితే ఆ పిల్ల కోపం రాకెట్ మీద నుంచి మీ అమ్మాయి మీదకు మళ్లితే మాత్రం ఆలోచించకండి, వెంటనే కోచ్‌కు చెప్పి మార్పించండి.