తెలిసిన మాటల దగ్గరే ఆగి అడగండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపుల నుంచి ఆస్ట్రేలియాకు చదువులకు బయలుదేరే పిల్లలు సంక్రాంతి రోజుల్లో నన్ను కలిస్తే ఎక్కువగా అడిగేది ఇంగ్లీషు గురించే. "అక్కడివాళ్లు మాట్లాడేది మాకు అర్థమవుతుందా అండీ? పెద్ద పెద్ద మాటలు వాడతారా?" అంటారు. పెద్ద మాటలతో పెద్దగా ఇబ్బంది రాదు. తెలియని మాట చెవిన పడితే ఎవరైనా ఆగి అడుగుతారు, లేదా ఫోనులో వెతుక్కుంటారు. చిక్కంతా మనకు తెలుసనుకున్న మాటలతోనే. ప్లేటు, టీ, డౌటు, బ్రదర్ వంటి వాటి దగ్గర ఎవరూ ఆగరు.

మెల్‌బోర్న్‌లో మా వీధికి కొత్తగా వచ్చిన ఒక కోనసీమ అమ్మాయికి, కొడుకు బడిలో జరిగే విందుకు పిలుపు వచ్చింది. చీటీ అడుగున 'బ్రింగ్ ఎ ప్లేట్' అని ఉంది. బడివాళ్ల దగ్గర పళ్లాలు చాలవేమో అనుకుని, ఇంట్లో ఉన్న వాటిలోకెల్లా మంచి పింగాణీ పళ్లెం తీసి, తుడిచి, గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్లింది. పొడవాటి బల్ల మీద అందరి పళ్లాలూ తినుబండారాలతో నిండి ఉన్నాయి. ఈ అమ్మాయి పళ్లెం ఒక్కటే ఖాళీ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఆ మాటకు నలుగురూ పంచుకునేలా ఏదైనా వండి తెమ్మని అర్థం. కళ్లలో నీళ్లు తిరిగిన ఆ అమ్మాయి పక్కకు వచ్చి ఒక పెద్దావిడ ఏమీ అనకుండా తన కేకు ముక్కల్లో సగం తీసి ఆ పళ్లెంలో సర్దింది. ఆ పెద్దావిడ మీద నాకు ఇప్పటికీ గౌరవమే. మీకు అలాంటి పిలుపు వస్తే పులిహోర కలిపి తీసుకెళ్లండి. ఊరి నుంచి తెచ్చుకున్న ఆత్రేయపురం పూతరేకులు ఉంటే ఇంకా మంచిది.

అమెరికాలో ఇదే ఏర్పాటును పాట్‌లక్ అంటారు. పాట్ అంటే కుండ, లక్ అంటే అదృష్టం. 16వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో చెప్పాపెట్టకుండా వచ్చిన చుట్టానికి ఆ పూట కుండలో ఏది ఉంటే అదే ప్రాప్తం అన్న అర్థంలో ఈ మాట వాడేవారు. తలా ఒక వంట తెచ్చుకునే విందుకు ఆ పేరు రావడం ఆ తర్వాత ఎంతో కాలానికి, అమెరికాలో. అక్కడి ఆదివాసుల 'పాట్‌లాచ్' అనే వేడుక నుంచి ఈ మాట పుట్టిందని చెప్పేవారున్నారు. నమ్మకండి. ఆ వేడుక పేరు ఇంగ్లీషువాళ్ల చెవిన పడకముందే పాట్‌లక్ వాడుకలో ఉంది.

ఇక టీ. ఉత్తర ఇంగ్లండ్‌లోనూ, ఆస్ట్రేలియాలో చాలా ఇళ్లలోనూ టీకి రమ్మంటే రాత్రి భోజనానికి రమ్మనే. ఇంట్లో కడుపు నిండా తిని వెళ్లకండి. మీరు పిలిచినప్పుడు ఎవరైనా 'రెయిన్ చెక్' అంటే ఈసారికి రాలేను, మరోసారి వస్తానని మర్యాదగా చెప్పడం. 19వ శతాబ్దంలో అమెరికాలో వాన వల్ల బేస్‌బాల్ ఆట ఆగిపోతే, వచ్చినవాళ్లకు మరో రోజు చూడడానికి పనికొచ్చే చీటీ ఇచ్చేవారు. మాట అక్కడిది.

తరగతిలో లేచి 'ఐ హావ్ ఎ డౌట్' అనడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మన బడుల్లో డౌటంటే ప్రశ్న. అక్కడి అధ్యాపకుడికి మాత్రం 'మీరు చెప్పింది నాకు నమ్మబుద్ధి కావడం లేదు' అన్నట్టు వినిపిస్తుంది. ఆ మాట లాటిన్‌లోని 'దుబితారె' నుంచి వచ్చింది. దాని వేరులో 'రెండు' అనే అర్థం ఉంది, మనసు రెండు వైపులా ఊగడం. రాతలో ఉండి పలుకులో లేని 'బి' అక్షరాన్ని కూడా ఆ లాటిన్ మూలాన్ని గుర్తుచేయడానికే పండితులు తర్వాత చేర్చారు. క్వశ్చన్ అనండి, సరిపోతుంది. అలాగే 'పాస్డ్ అవుట్' అంటే అక్కడ స్పృహ తప్పి పడిపోవడం, కాబట్టి ఉద్యోగానికి మాట్లాడేటప్పుడు 'గ్రాడ్యుయేటెడ్' అనండి. ఊళ్లో లేనని చెప్పడానికి మనం వాడే 'అవుట్ ఆఫ్ స్టేషన్' దొరల కాలపు మాట. అప్పట్లో ఉద్యోగిని వేసిన చోటును స్టేషన్ అనేవారు. మనం దాన్ని భద్రంగా దాచుకున్నాం కానీ బయటివాళ్లకు అది తెలియదు. అనుకున్న సమయం కంటే ముందుకు జరపడాన్ని మనం అనే 'ప్రీపోన్' విషయంలో నేను మన పక్షమే. అంత పొందికైన మాట వాళ్ల దగ్గర లేదు, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా దాన్ని చేర్చుకుంది.

చుట్టరికాల దగ్గర మరింత జాగ్రత్తగా ఉండండి. మనకు పెదనాన్న కొడుకు అన్నయ్యే, మేనత్త కొడుకు బావ. ఇంగ్లీషులో ఇద్దరూ కజిన్లే, 'కజిన్ బ్రదర్' అంటే వాళ్లకు బోధపడదు. మన పద్ధతి వాళ్ల పూర్వులకు కొత్త కాదు. లాటిన్‌లో 'కొన్సోబ్రీనుస్' అంటే మొదట్లో తల్లి అక్కచెల్లెళ్ల బిడ్డ. మేనత్తను 'అమిటా' అనేవారు, ఆమె బిడ్డ 'అమిటీనుస్'. ఇంగ్లీషు చేతికి వచ్చేసరికి ఆ తేడాలన్నీ చెరిగిపోయి ఒక్క కజిన్ మిగిలింది. ప్రేమ కొద్దీ ఎలా పిలుచుకున్నా, వీసా దరఖాస్తులో మాత్రం పెదనాన్న కొడుకును బ్రదర్ అని రాయకండి. ఆ కాగితం మీద బ్రదర్ అంటే మీ అమ్మానాన్నల బిడ్డే. తర్వాత మరో కాగితంలో వివరం మారితే సంజాయిషీ ఇచ్చుకోవలసింది మీరే.

అడగడానికి మొహమాటపడే పిల్లలను చూస్తే నాకు బాధగా ఉంటుంది. మన ఊళ్లు ఇంగ్లీషు నిఘంటువులోకి ఎప్పుడో వెళ్లాయి. నరసాపురం పక్కన రేవు దాటడానికి మీరు పంటు ఎక్కే మాధవాయిపాలెంలో 17వ శతాబ్దంలోనే ఈస్టిండియా కంపెనీ బట్టల వర్తక కేంద్రం నడిపింది. ఆ ఊరి పేరే 'మడపొల్లం' అనే మెత్తని నూలుబట్టకు పేరైంది, ఫ్రెంచికీ స్పానిష్‌కూ పాకింది. ఇక 'బాండికూట్' అంటే మన పందికొక్కే. కాలవ గట్టున తవ్విపోసిన తడిమట్టి, పక్కనే చేయి పట్టేంత బొరియ, లోపలికి ఈడ్చుకుపోయిన వరికంకులు మీరు చూసే ఉంటారు. దొరలు ఆ పేరును ఆస్ట్రేలియా తీసుకుపోయి, ఎలుక జాతికి చెందని, కడుపున సంచి ఉన్న ఒక జంతువుకు పెట్టారు. మెల్‌బోర్న్ దగ్గర క్రాన్‌బోర్న్ వృక్షోద్యానంలో అది పొదల కింద తిరుగుతుంది. అక్కడివాళ్లకు ఆ పేరు తెలుగు నుంచి వచ్చిందని చెప్పండి, సంతోషంగా వింటారు.

సైక్లోన్ అనే మాటకూ మన తీరంతో బంధం ఉంది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ నావికుల కోసం రాసిన పుస్తకం 1848లో వెలువడింది. గుండ్రంగా తిరిగే తుఫాన్లకు, పాము చుట్టను తలపించే గ్రీకు మాట ఆధారంగా ఆయన ఆ పేరు పెట్టాడు. ఆయన పరిశీలించిన ఉప్పెనల్లో 1789, 1839లలో కోరంగి రేవును ముంచినవీ ఉన్నాయి. 1996 నవంబరు తుఫాను గురించి ఇంట్లో విన్నవాళ్లే మీరంతా.

ఆస్ట్రేలియా, అమెరికాల్లో గాలివానల హెచ్చరికల్లో రెండు తేలిక మాటలు వినిపిస్తాయి, వాచ్, వార్నింగ్. వెళ్లిన వారంలోనే వాటి అర్థం పట్టుకోండి. ఆస్ట్రేలియాలో సైక్లోన్ వాచ్ అంటే పెనుగాలులు 24 నుంచి 48 గంటల లోపు రావచ్చని, వార్నింగ్ అంటే 24 గంటల లోపే రావచ్చని. అమెరికాలో టోర్నడో వాచ్ అంటే సుడిగాలి పుట్టడానికి వీలుందని, సిద్ధంగా ఉండమని. టోర్నడో వార్నింగ్ అంటే దాన్ని ఎవరో కళ్లారా చూశారని, లేదా రాడార్‌లో దాని జాడ కనిపించిందని. అప్పుడు కిటికీ దగ్గర నిలబడి చూడకండి, ఇంటికి ఫోను చేస్తూ కూర్చోకండి. నేలమాళిగ ఉంటే అందులోకి, లేకపోతే కింది అంతస్తులో కిటికీలు లేని గదిలోకి అప్పటికప్పుడే వెళ్లండి.